ఓడించడం చేతకాని పెట్టె

నేను ఒక ఆటపెట్టెను. ఇప్పుడు లోపల ఆట లేదు, పెట్టె ఒక్కటే మిగిలింది. అయినా పాత పేరే చెప్పుకుంటాను. పటేలుగిరీ పోయిన ఇంటిని కూడా ఊరు పటేలిల్లనే అంటుంది కదా, నాదీ అంతే.

హైదరాబాదులో ఒక వడ్రంగి చేతిలో పుట్టాను. ఆయన పెద్ద ప్లైవుడ్ చెక్కను నేల మీద పరిచి, పెన్సిల్ చెవిలో పెట్టుకుని, ముందు మా అన్నను కోశాడు. మిగిలినదాంట్లోంచి నన్ను తీశాడు. మిగిలినదాంట్లోంచి అన్న ఆ ముక్క నేను ఎన్నడూ మరవలేదు. కొలతలు ఇద్దరివీ ఒకటే. పైన అతికిన నీలం సన్‌మైకా ఒకటే. ఇద్దరికీ పాత టీవీల నుంచి తెచ్చిన గాజు ముఖాలే. ముందు పలక నడుమ ఒక ఇనుప కడ్డీ, దాని తల మీద ఎర్ర బంతి. కడ్డీకి దూరంగా అటొక బటను, ఇటొక బటను. పక్కపక్కన నిలబెడితే చేసినవాడే తికమకపడ్డాడు. తేడా అంతా కడుపులో బిగించిన పచ్చ పలకలో ఉంది. సన్నటి రాగి గీతలున్న పలక. ఆట దానిలోనే ఉంటుంది.

నా పలకలో బండి ఆట. నున్నటి దారి మీద ఎర్ర కారు పోతుంటుంది. దేనికి గుద్దుకున్నా ఒకసారి ఎగిరి మళ్లీ దారిలోనే పడుతుంది. చివర ఒక పిల్ల నిలబడి జెండా ఊపుతుంది. గంటలు మోగుతాయి. కళ్లు మూసుకుని నడిపినా ఆ పిల్ల దగ్గరికి చేరవలసిందే. నా ముందు ఓడిన మనిషి లేడు.

మా అన్న పలకలో గుట్ట ఆట. నిట్టనిలువు నల్ల గుట్ట. దాన్ని ఒక చిన్న మనిషి ఎక్కాలి. పైనుంచి బండలు దొర్లుతాయి. సందుల్లోంచి గబ్బిలాలు లేస్తాయి. గట్టిగా ఉందనుకుని పట్టుకున్న రాయి చేతికి ఊడి వస్తుంది. పట్టు జారితే కింద పడతాడు. కింద అంటే ఒక మెట్టు కింద కాదు, మొదటికి, నేల మీదికి. సగం దాకా ఎక్కినవాడికీ అంతే, ముప్పాతిక దాకా ఎక్కినవాడికీ అంతే.

మమ్మల్నిద్దర్నీ ఖాజా అనే ఆయన కొని, ఒక మండలం ఊరి బస్టాండు పక్కన రేకుల కొట్టులో పెట్టాడు. మెత్తటి మనిషి. టీవీలు బాగుచేసే పని వచ్చు. కొత్తవాళ్లు ఎవరైనా గుమ్మంలో నిలబడి తొంగి చూస్తే, "రా, ముందు దీంతోటి షురూ చెయ్" అని నన్ను చూపించేవాడు. ఆ మాటకు నేను పొంగిపోయేవాణ్ణి. అందరూ ముందు నా దగ్గరికే వస్తున్నారని లెక్క వేసుకున్నాను. అందరూ నా దగ్గర్నుంచే పోతున్నారన్న సంగతి తెలియడానికి కొంత కాలం పట్టింది.

గెలిచినవాడు నవ్వేవాడు. ఇంకోసారి గెలిచినవాడు చిన్నగా నవ్వేవాడు. ఆ తర్వాత ఒక చేత్తో కడ్డీ తిప్పుతూ, రెండో చేత్తో పల్లీలు తింటూ, మెడ తిప్పి మా అన్న వైపు చూసేవాడు. అటు చూసిన మెడ మళ్లీ ఇటు తిరిగిందని నాకు గుర్తు లేదు.

మా అన్న దగ్గర నవ్వు ఉండేది కాదు. తిట్లు ఉండేవి. బస్టాండు వెనక పాలిటెక్నిక్ పిల్లలు గుంపుగా వచ్చి పడేవారు. "ఇగ దీని మొకం సూడ నేను" అని ఒకడు పెట్టెను ఎడాపెడా తన్ని బయటికి నడిచేవాడు. వాడు చెప్పిన చాయ్ ఇంకా కప్పులో పడకముందే తిరిగొచ్చి, "జరుగురా, గీసారి సూడు" అని మళ్లీ నిలబడేవాడు. ఒకడు కోపం పట్టలేక అద్దం మీద చరిస్తే మూలన చిన్న పగులు వచ్చింది. మర్నాడు వాడే వచ్చి ఆ పగులు మీద వేలితో నిమిరాడు.

నన్ను ఎవరూ కొట్టలేదు. ఆ దెబ్బల మీద కూడా నాకు అసూయ.

"కాకా, గిది ఆటనా, శిక్షనా?" అని ఆ పిల్లల్లో ఒకడు ఖాజాను అడిగాడు ఒకరోజు. వాడి చొక్కా చెమటకు వీపున అంటుకుపోయి ఉంది.

ఖాజా సోల్డరింగు పుల్ల పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు. "నాకేం ఎరుక బేటా. ఆటైతే మీరు నవ్వాలె. శిక్షయితే ఉరికిపోవాలె. మీరు రెండూ చేస్తలేరు."

నాకు మాత్రం అందులో ఆలోచించేంత విషయం కనబడలేదు. ఇదిగో, సుఖంగా గెలిపించే పెట్టె పక్కనే ఉంది. మనుషులు దాన్ని వదిలి, వాళ్లను నేలకు కొట్టే పెట్టె ముందు వరస కడుతున్నారు. మనుషులకు తమ మంచి తమకు తెలియదని తీర్మానించుకుని ఊరుకున్నాను. ఊరుకున్నానని అనడమే గానీ, నా గాజు ముఖం ఎప్పుడూ ఓరగా అటే చూస్తుండేది.

అట్లాంటి రోజుల్లో ఉప్పలయ్య వచ్చాడు.

అది ఎండాకాలం, వారపు అంగడి రోజు. ఆయన భార్య అండాలు బస్టాండు ముందు ఈత చీపుర్లు, చాపలు పరుచుకుని కూర్చునేది. ఉప్పలయ్య కట్టలు దింపి, పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తోచక మా కొట్టు నీడలోకి వచ్చాడు. నల్లటి మనిషి, కుడి కాలు కొంచెం ఈడుస్తాడు. పక్క ఊరి గౌడు. కల్లుకు తాటిచెట్లు గీసేవాడు. ముందు "గీస్త" అని, మళ్లీ ఆగి, "గీసేటోణ్ణి" అని సరిచేసుకున్నాడు.

ఖాజా కుర్చీ చూపించాడు. "ఏమైంది గౌడన్న కాలుకు?"

"పడ్డ."

అంతకంటే ఆయన చెప్పలేదు. చెప్పింది అండాలు, మంచినీళ్ల కోసం వచ్చినప్పుడు. కిందటి ఏడు ఆయన తాటిచెట్టు దిగుతుంటే నడుముకు కట్టిన లొట్టి తాడు తెగింది. ఆ మట్టికుండ నిండా కల్లు. జారుతున్న లొట్టిని అందుకోబోయి రెండు చేతులూ వదిలేశాడు.

"లొట్టి పొదల పడ్డది. చుక్క ఒలకలే" అన్నది అండాలు. "పగిలింది ఈయన కాలు. కాలు అతుక్కున్నది గని మనసు అతుక్కుంటలేదన్నా. మోకు భుజానేసుకుని చెట్టు దాక పోతడు. మొదట్ల నిలవడతడు. తొడలు అదురుతయ్. మళ్లొస్తడు."

"ఎక్కకుంటేంది. చీపుర్లున్నయి గద."

"చెట్లు పోతయన్నా. ఎక్కనోనికి చెట్లెందుకంటున్నరు గౌడ సంఘపోళ్లు. కార్తీక పున్నం దాక సూస్తరట. అప్పటికి ఈయన మోకు ఎయ్యకుంటే మా మరిది మల్సూరుకిస్తరు. ఈయన తండ్రి గీసిన చెట్లు."

ఉప్పలయ్య వినలేదన్నట్టు నా అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఖాజా ఆటకు వేసే బిళ్ల ఒకటి తెచ్చి నాలో వేశాడు. "తిప్పు గౌడన్న. ఊకెనే."

ఆ చేతులు నా మీద పడ్డాయి.

ఎన్నో చేతులు చూశాను. ఇట్లాంటివి చూడలేదు. అరచేయి అంతా చెట్టెక్కే మోకుతాడు రాపిడికి తోలు చెప్పులా గట్టిపడి ఉంది. వేళ్ల మీద గీతకత్తి గాట్లు. అంత మోటు చెయ్యి ఎర్ర బంతిని కోడిపిల్లను పట్టినట్టు పట్టింది. కారు నడిచింది. జెండా పిల్ల కనబడింది. నేను ఉన్న గంటలన్నీ మోగించాను. ఆయన మీసం కింద సన్నగా కదలిక వచ్చింది. వాకిట్లోంచి చూస్తున్న అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలని ఆమె తర్వాత ఖాజాతో అన్నది.

ఆ నవ్వు నాదే. ఆ సంగతిని ఎవరూ కాదనలేరు.

ఆ తర్వాత అంగడి అంగడికీ వచ్చాడు. నా దగ్గరే కూర్చునేవాడు. మా అన్న ముందు అరుపులు లేచినా తల తిప్పేవాడు కాదు. నాకు ఒక మనిషి దొరికాడనుకున్నాను. వానలు పడడానికి ముందు ఒక అంగడి నాడు పాలిటెక్నిక్ పిల్లలందరూ ఒక్కసారి "అయ్యో" అన్నారు. గుట్ట మీద ఎవడో చాలా ఎత్తు నుంచి పడ్డాడు. ఉప్పలయ్య చెయ్యి నా కడ్డీ మీద ఆగిపోయింది. కారు తన దారిన తాను పోయింది. జెండా ఊపించాను, గంటలు కొట్టించాను. ఆయన చూడలేదు. లేచి, కాలు ఈడ్చుకుంటూ, మా అన్న ముందుకు పోయి నిలబడ్డాడు. పడ్డ ఆ చిన్న మనిషి నేల మీద లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ పైకి చూస్తున్నాడు.

"మళ్ల ఎక్కొచ్చా?" అని అడిగాడు.

"ఎన్నిసార్లన్న ఎక్కొచ్చు కాకా."

"కాలు ఇరగదా?"

పిల్లలు నవ్వారు. ఉప్పలయ్య నవ్వలేదు. వరసలో నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి నా కుర్చీ ఖాళీ. నా పక్క నుంచే పోతాడు. ఒక్కోసారి చేతిసంచీ నా మీద పెట్టి పోతాడు. నన్ను అరుగులా వాడుకుని మా అన్నను ఆడిన మనిషిని నేనేమనాలి. మా అన్న ఆయన్ను పడేసినప్పుడల్లా నాకు లోపల చల్లగా ఉండేది. చూడు, వాడు నీకు ఇచ్చేది ఇదే అనుకునేవాణ్ణి. ఆయన పడేవాడు, చేతులు కండువాకు తుడుచుకునేవాడు, మళ్లీ ఎక్కేవాడు.

పడడం కూడా ఎప్పుడూ ఒకే చోట. గుట్టకు సగం పైన రాయి తెగిపోయి ఖాళీ ఉంటుంది. అక్కడ దూకాలి. ఒక బటను నొక్కితే మనిషి వంగుతాడు, ఇంకోటి నొక్కితే పక్కకు ఒదుగుతాడు, రెండూ ఒక్కసారి నొక్కితే దూకుతాడు. బటన్లు ఎడంగా ఉంటాయి కనుక కడ్డీ వదిలేసి రెండు చేతులూ వాడాలి. ఆట మొత్తంలో అది కష్టమైన చోటు కాదు. చిన్నపిల్లలు కూడా అక్కడ దూకుతారు. అసలు కష్టం దాని తర్వాత ఉంది. ఉప్పలయ్యకు మాత్రం ఆ ఖాళీ దగ్గర కడ్డీ మీది చెయ్యి లేవదు. రాయి కదులుతుంది, మనిషి పడతాడు, కడ్డీని పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంటుంది.

"కాకా, కడ్డీ ఇడిసిపెట్టే. రెండు దిక్కులా కొట్టు."

"ఇడువద్దు."

"ఇడువకుంటే పడ్తవ్."

"రెండు చేతులు ఇడిసినోడు మళ్ల ఇంటికి రాడు బిడ్డా. మా నాయిన నేర్పిండు. నేను ఒక్కసారి ఇడిసిన" అని తన కాలు చూపించాడు.

"గది చెట్టు. గిది టీవీ" అన్నాడు ఒకడు. మిగతావాళ్లు గొల్లుమన్నారు. ఉప్పలయ్య వరస చివరికి పోయి నిలబడ్డాడు.

తమ్ముడు మల్సూరు కూడా ఒకసారి వచ్చాడు. ఎరువుల బస్తాల కోసం వచ్చి, అన్న ఇక్కడ ఉన్నాడని తెలిసి గుమ్మంలో నిలబడ్డాడు. గుబురు జుట్టు, బలమైన రెక్కలు. "చెట్టెక్కమంటే టీవీల గుట్టెక్కుతున్నవా అన్నా" అన్నాడు. ఎగతాళే, కానీ నవ్వు కళ్లలో లేదు. అన్న పడడం చూశాడు. దగ్గరికి వచ్చి, "నువ్వు ఎక్కకే. చెట్లు నేను గీస్త. కల్లు నీ ఇంట్లనే దించుత" అన్నాడు.

"నీ చెట్లు నీకున్నయి గద తమ్మీ."

"నేను అడుగుతలేను. సంఘపోళ్లే అంటున్నరు."

"పున్నం రానీ."

మల్సూరు గుమ్మం వైపు తిరిగాడు. పోతూ పోతూ నా పక్కన ఆగి, ఊరికే నా ఎర్ర బంతిని ఒకసారి తిప్పాడు. తమ్ముళ్లకు తమ్ముళ్ల బాధ తెలుస్తుందనుకుని ఆశపడ్డాను. వాడి ముఖంలో మాత్రం నాకున్నది లేదు. అన్న చెట్లు తనకు వస్తాయంటే సంతోషించవలసినవాడు దిగులుగా పోయాడు. ఆ రోజు నాకు వాడి మీద కూడా కుళ్లుబోతుతనం పుట్టింది. నాకు చేతకానిది వాడికి తేలికగా వచ్చింది.

వానాకాలంలో ఒక సాయంత్రం పెద్ద మెరుపు మెరిసింది. కొట్టులో దీపాలు ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయాయి. మా అన్న వెనక నుంచి పొగ వచ్చింది. ఖాజా మూత తెరిచి, ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూసి, "మొకం పోయింది" అన్నాడు. కొత్త గాజు ముఖం దొరకదు. పచ్చ పలక మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన ఎక్కువ ఆలోచించలేదు. నా వెనక మూత తీశాడు. నా బండి ఆట ఊడదీసి బీరువా మీద పెట్టాడు. మా అన్న కడుపులోది తెచ్చి నా కడుపులో బిగించాడు. మా అన్నను గోడ వైపు తిప్పి నిలబెట్టాడు.

తెల్లారి గుట్ట నా ముఖం మీద మొలిచింది.

దాచడం ఎందుకు, పండగ అయింది నాకు. వరస నా ముందు కట్టారు. నన్ను తిట్టారు. మధ్యాహ్నం లోపే నన్ను ఒకడు తన్నాడు. ఆ తన్ను చెక్కలో మోగుతుంటే ఇన్నాళ్ల ఆకలి తీరినట్టయింది. గోడ వైపు తిరిగి ఉన్న మా అన్నకు వినబడాలని ఇంకా గట్టిగా మోగాను. రెండు రోజులు గడిచాక అనుమానం మొదలైంది. వీళ్లు తిడుతున్నది నన్నేనా. మొన్నా ఇదే పెట్టె, ఇదే కడ్డీ, ఇదే బంతి. మొన్నటి దాకా ఒంటరిగా ఉన్నాను. వీళ్లకు కావలసింది నా కడుపులో కూర్చున్న ఆ పలక. నన్ను చూసి ఎవరూ రాలేదు. అసూయకు ఎదురుగా ఒక మనిషో పెట్టో ఉంటే నిలబడి చూడొచ్చు. నా అసూయ నా లోపలికే వచ్చి కాపురం పెట్టింది.

అంగడి నాడు ఉప్పలయ్య వచ్చాడు. గోడ వైపు తిరిగిన మా అన్నను చూశాడు, నన్ను చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అవే చేతులు. కానీ అవి కావు. నా దగ్గర గెలిచినప్పుడు ఆ చెయ్యి వదులుగా, నిద్రపోయేవాడి చెయ్యిలా ఉండేది. ఇప్పుడు బంతి మీద పడ్డ పట్టుకు ఇనుప కడ్డీ మొదలు దాకా బిగుసుకుంది. నాడి కొట్టుకోవడం తెలుస్తోంది. బండ దొర్లినప్పుడు ఆయన ఊపిరి ఆగింది. బండ పోయాక నెమ్మదిగా వదిలాడు. మనిషి పడ్డప్పుడు చెయ్యి చల్లబడింది, మళ్లీ మొదటి రాయి పట్టుకోగానే వేడెక్కింది. అది సంతోషమా, బాధా అని ఆ పట్టును వేరుచేసి చూడబోయాను. వేరుపడలేదు. గెలుపులో నేను ఇన్నాళ్లు ఆయనకు ఒక్క నిమిషం కూడా ఇంత మెలకువ ఇవ్వలేదని మాత్రం తెలిసింది. ఎక్కేటప్పుడు చెట్టు మీద కూడా ఈ చెయ్యి ఇట్లాగే ఉండేదేమో. ఆ తలపు రాగానే, చూడని ఆ చెట్టు మీద కూడా అసూయ పుట్టింది.

కార్తీక పున్నానికి ముందు చివరి అంగడి వచ్చింది. అండాలు చీపుర్లు త్వరగా ఎత్తేసి కొట్టులోకి వచ్చి నిలబడింది. మల్సూరు కూడా వచ్చాడు. సంఘం వాళ్లు పెద్దమనుషుల్ని పిలిచారని, పున్నం నాడు పొద్దున చెట్ల దగ్గర కలుస్తారని మెల్లగా చెప్పాడు. ఉప్పలయ్య తలాడించి బిళ్ల వేశాడు.

ఆ రోజు తొందర లేకుండా ఎక్కాడు. బండ వస్తే ఒదిగాడు. గబ్బిలం వస్తే వంగాడు. ఖాళీ దగ్గరికి వచ్చాడు. పిల్లలు చుట్టూ మూగారు. "ఇడువే కాకా, ఈ ఒక్కపారి ఇడువు." కుడి చెయ్యి కొంచెం లేచింది. ఒక వెంట్రుకవాసి లేచిందేమో. మళ్లీ బంతి మీద కూర్చుంది. నాకు ఆ చెమట తగిలింది.

అప్పుడు ఆయన కడ్డీని తన వైపు లాగాడు.

గుట్ట మీద మనిషి ఒక రాయి కిందికి దిగాడు. ఇంకో రాయి దిగాడు.

"ఏందే కాకా, కిందికేంది. పైకి పైకి."

"దిగుతున్న."

"దిగితే ఏమొస్తదే. నంబర్లు గూడ రావు."

నా లోపలి ఆటను నేను అప్పటికి బాగా ఎరుగుదును. అది ఎక్కేవాళ్ల కోసం చేసింది. దిగే మనిషిని అది ఎన్నడూ చూడలేదు. బండలు వెనక నుంచి వస్తున్నాయి, కనబడవు. ఎక్కేటప్పుడు గట్టిగా ఉన్న రాళ్లు దిగేటప్పుడు పాదం కింద కదులుతున్నాయి. ఎక్కడం కంటే అది ఎన్నో రెట్లు కష్టం. ఉప్పలయ్య ఒక్కొక్క రాయి మీద ఆగి, కాలు ఆనించి, బరువు సరిచూసుకుని, మరో రాయికి జారుతున్నాడు. నవ్వుతున్న పిల్లలు ఎప్పుడు ఊరుకున్నారో నేను గమనించలేదు. అండాలు రెండు చేతులూ ముడుచుకుని నిలబడింది. మల్సూరు అన్న భుజం వెనక వంగి, "కుడి కాలు, అన్నా, కుడి కాలు కిందికి" అన్నాడు, నిజంగా చెట్టు కింద నిలబడి చెప్పినట్టు.

చివరి రాయి. ఆ తర్వాత నేల.

మనిషి నేల మీద నిలబడ్డాడు. గంట మోగలేదు, జెండా ఊగలేదు. ఆ పలకకు ఏం చెయ్యాలో తోచక ఊరికే గాలి చప్పుడు చేస్తూ ఉంది. నా దగ్గర ఉన్న గంటలన్నీ బీరువా మీద దుమ్ములో పడి ఉన్నాయి. అవి ఆ నిమిషం నాలో ఉంటే మోగించేవాణ్ణి. మొదటిసారి అవి మోగవలసిన వేళ అది.

అప్పుడు ఉప్పలయ్య రెండు చేతులూ ఎత్తాడు. ముందు ఒకటి, తర్వాత ఇంకోటి. కండువాతో నా బంతిని, నా అంచును తుడిచాడు.

"దిగేకాడ పడ్డ నేను. ఎక్కేకాడ గాదు" అన్నాడు. ఎవరితోనూ కాదు. "పా తమ్మీ."

పున్నం తర్వాతి అంగడికి అండాలు ఒక్కతే వచ్చింది. చీపుర్లు పరుస్తుంటే ఖాజా గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు.

"ఎక్కిండా?"

"ఎక్కిండు."

"దిగిండా?"

"దిగకుంటే నేనిట్ల చీపుర్లమ్ముకుంట కూసుంటనా అన్నా" అన్నది అండాలు. చాప విప్పి పరుస్తూ, "సంఘపోళ్లు ఆయిన ఎక్కంగనే చప్పట్లు కొట్టిన్రు. మల్సూరు కొట్టనీయలే. దిగనియ్యుండ్రి, అప్పుడు కొడదాం అన్నడు" అన్నది.

ఆ తర్వాత ఉప్పలయ్య కొట్టుకు అరుదుగా వచ్చాడు. వచ్చినా కూర్చోలేదు. ఆయన చేతులకు కల్లు వాసన వచ్చేది. నేను అది పీల్చుకుని ఊరుకునేవాణ్ణి.

పాలిటెక్నిక్ పిల్లల్లో ఒకడు చివరికి గుట్ట కొన చేరాడు. కొన మీద ఏముందో చూడాలని అందరూ ఎగబడ్డారు. ఒక చిన్న జెండా ఉంది. అది ఊగింది. తర్వాత గుట్ట మళ్లీ మొదటి నుంచి మొదలైంది. వాడు అద్దం వైపు చాలాసేపు చూసి, "గింతేనా" అని లేచి పోయాడు. ఏళ్ల తరబడి తన్నినవాడు, తిట్టినవాడు, మళ్లీ రాలేదు. మిగతావాళ్లు వాడి దగ్గర కిటుకులు నేర్చుకుని వాళ్లూ చేరారు, వాళ్లూ పోయారు. నా బండి ఆటను వదిలినట్టే గుట్టనూ వదిలేశారు. గోడ వైపు తిరిగి ఉన్న మా అన్నకు ఆ మాట చెప్పాలనిపించింది. సంతోషంతో చెబుదామని మొదలుపెట్టాను. చెప్పేవేళకు సంతోషం లేదు.

ఫోన్లు వచ్చాయి. ఆటలన్నీ జేబుల్లోకి పోయాయి. ఖాజా కొట్టు ఎత్తేశాడు. మా అన్నను పాత ఇనుప సామాను వాడు రిక్షాలో వేసుకుని పోయాడు. ఒకే చెక్కలోంచి వచ్చినవాళ్లం. మూల తిరిగేదాకా ఆ నీలం సన్‌మైకా కనబడింది. నా లోపలి గాజు ముఖం, తీగలు, గుట్ట పలక ఎవరో తీసుకున్నారు. ఖాళీ పెట్టెను ఎత్తబోతుంటే ఉప్పలయ్య వచ్చాడు. గొంతులో వయసు వినబడింది.

"ఇది నాకియ్యి ఖాజా భాయ్."

"ఏం జేస్తవ్ గౌడన్న. ఆట లేదు దాంట్ల."

"ఆటకు గాదు."

మల్సూరు తెచ్చిన ట్రాలీ ఆటోలో నన్ను వాళ్ల ఊరికి తెచ్చారు. ఇప్పుడు చెట్ల కింద కల్లు అమ్మే మండువలో ఉన్నాను. గాజు ముఖం ఉన్న ఖాళీలో అరలా అడ్డచెక్క కొట్టారు. దాని మీద ఖాళీ లొట్లు బోర్లించి ఉంటాయి. చుట్టూ తాటిచెట్లు. చూడకుండానే అసూయపడ్డ చెట్టు నాకు ఎదురుగా ఉంది.

దానికి గంటలు లేవు, జెండా లేదు. మొదలు నుంచి కొన దాకా ఒకటే గరుకు. ఆయన పొద్దునే ఎక్కుతాడు, సాయంత్రం ఎక్కుతాడు, మర్నాడు అది మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది. దాన్ని గెలిచి ఎవరూ పోలేరు. మా అన్నకు కూడా దొరకని భాగ్యం అది. నేను దాన్ని తలచుకుని ఏడ్వని రోజు లేదు.

మండువలో కుర్రవాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఏవో కష్టమైన ఆటలు, పడడం, తిట్టుకోవడం, మళ్లీ మొదలుపెట్టడం. మొన్న ఒకడు మోకు భుజాన వేసుకుంటున్న ఉప్పలయ్యను అడిగాడు. "కాకా, రోజు గంత ఎత్తు ఎక్కుడు నీకు మజానా, తిప్పలా?"

"దిగినంక చెప్త" అన్నాడు ఆయన.

ఎక్కాడు. మట్టల గలగలలో ఆయన చప్పుడు కలిసిపోయింది. కత్తి చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత అదీ లేదు. కుర్రవాడు తన ఫోన్లో పడి అడిగింది మరిచిపోయాడు. నేను మరవలేదు. నాకు ఇప్పుడు కళ్లు లేవు కనుక ఆయన దిగడం కనబడదు. పాదం మానుకు రాసుకునే చప్పుడు ఒకటి, ఆగి మరొకటి, వింటూ ఉంటాను.

నా ముందు పలక మీద ఆ ఇనుప కడ్డీ, ఎర్ర బంతి ఇంకా అట్లాగే ఉన్నాయి. ఉప్పలయ్య దిగి, లొట్టి దింపి, మోకు విప్పి, ఆ కడ్డీకి తగిలిస్తాడు. తడిసిన మోకు బరువుకు కడ్డీ కొంచెం కిందికి వంగుతుంది. అప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం బంతి మీద ఆగుతుంది.

ఆ బరువు పడేదాకా నేను రోజూ బిగబట్టుకునే ఉంటాను. పడ్డాక తెలుస్తుంది, ఆ చెట్టు ఇవాళ కూడా ఆయన్ను నాకు ఇచ్చేసిందని.